టిక్కీ ఎందుకు విరిగింది?

ఇంట్లో పిల్లలు బర్గర్ అడిగితే మామూలుగా రెండు జవాబులే వినిపిస్తాయి. ఒకటి, "అలాంటివి తినొద్దు." రెండోది, "ఇవిగో డబ్బులు, తిని రా." మొదటి జవాబుతో కోరిక పోదు, చాటుకు పోతుంది. రెండో జవాబుతో కోరిక తీరుతుంది గానీ ఇంటికి ఒక్క కొత్త పనీ రాదు. మూడో జవాబు ఒకటుంది: "పో, నాలుగు ఆలుగడ్డలు కడిగి తీసుకురా. మనమే గింజలతో చేద్దాం." ఈ అధ్యాయం ఆ మూడో జవాబు ఇవ్వదలచుకున్నవాళ్ల కోసం.

నిజానికి ఆ మాట చాలామంది ఒకసారి అనే ఉంటారు. బన్నులు తెస్తారు, ఫోన్‌లో వీడియో పెట్టుకుంటారు, గింజలు ఉడికిస్తారు, టిక్కీలు వత్తి పెంక మీద వేస్తారు. తిప్పబోయేసరికి అవి ముక్కలవుతాయి. "మన చేతికి ఇవి రావు" అనేసుకుని, ఆ ముక్కల్నే గిన్నెలో పెట్టుకుని తినేసి, మళ్లీ ఆ జోలికి పోరు. విరిగింది టిక్కీ అయితే తీర్పు మన మీద చెప్పుకుంటాం. లెక్కల్లో తక్కువ మార్కులొచ్చిన పిల్లాడు "నాకు లెక్కలు రావు" అనేది కూడా ఇలాగే. ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది అని చూడకముందే తలుపు మూసేస్తాడు.

టిక్కీ విరగడానికి కారణాలు ఎన్నో లేవు, నాలుగే ఉన్నాయి. అవి తెలిస్తే వీడియో అక్కర్లేదు, ఫలానా గింజే కావాలన్న పట్టింపూ ఉండదు. కొలత నేర్చుకున్నవాళ్లు ఒక వంట చేస్తారు. కారణం నేర్చుకున్నవాళ్లు ఇంట్లో ఏముంటే దానితో చేస్తారు. ఈ అధ్యాయంలో నేర్చుకోవలసింది ఇదే. మిగతాదంతా దానికి సాధన.

సరుకు ఇంట్లోనే ఉంది

సంగారెడ్డి జిల్లాలోని కోహీర్ అనగానే బయటివాళ్లకు రెండు గుర్తొస్తాయి: జామకాయ, చలి. డిసెంబరు, జనవరి నెలల్లో రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదైన ఊళ్ల పేర్లు పత్రికల్లో వచ్చినప్పుడు వాటిలో కోహీర్ తరచూ ఉంటుంది. ఆ చలే ఇక్కడి వంటింటికి సరుకు తెస్తుంది. కోహీర్, జహీరాబాద్ చుట్టుపక్కల ఆలుగడ్డ ఆ చలికే ఊరుతుంది. యాసంగి జొన్న మంచుకు పండుతుంది. కంది కోతకొస్తుంది, అల్లం దొరుకుతుంది. ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి కొత్త ఆలుగడ్డ, కొత్త కంది ఇళ్లలో ఉంటాయి, జొన్న కోతలు మొదలవుతాయి. గింజల బర్గర్‌కు ఇంతకంటే కావలసిన సరుకు లేదు.

అయితే గింజ చేతికి అందే దూరంలో ఉండి కూడా వంటింటికి దూరమైన కాలాన్ని ఈ ప్రాంతం చూసింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. పేదల ఇళ్లలో ఆకలి తగ్గింది, అది చిన్న సంగతి కాదు. కానీ రేషన్ బియ్యం అందుబాటులోకి వచ్చాక జొన్న, కొర్ర, సామ వేసే చెలకలు చాలాచోట్ల పడావు పడ్డాయి. పండించే చేయి, వండే చేయి రెండూ వాటిని మరవసాగాయి.

అదే 1983లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలుపెట్టింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ 2023లో కన్నుమూశారు. ఊరూరా ఏర్పడిన మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాలవాళ్లు. 1990ల మధ్యలో వాళ్లు పడావు భూముల్ని దున్నడానికి పెట్టుబడి తీసుకుని, ఆ బాకీని డబ్బుగా కాకుండా జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నల్ని ఊళ్లోనే నిల్వ చేసి, లేనివాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. బియ్యం రేషన్ నడుస్తున్న ఊళ్లోనే జొన్న రేషన్ నడిపారన్నమాట. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అప్పటికి ఈ సంఘాల ఆడవాళ్లు ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేయడం ఎన్నో ఏళ్లుగా సాగుతోంది.

మన పనికి వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. సంఘం మహిళల చెలకల్లో ఒకే కమతంలో ఇరవై రకాల దాకా పంటలు కలిసి ఉంటాయి. ఏ పంట ఎందుకు వేశారో అడిగితే కారణం చెబుతారు. జొన్న ఇంటికి గింజ, పశువుకు చొప్ప ఇస్తుంది. కంది వేరు లోతుకు పోయి నేలకు బలమిస్తుంది. అనుము తీగ నేలను కప్పి తడి ఆరనివ్వదు. వాన తప్పితే ఏది పోతుందో, ఏది నిలుస్తుందో ముందే తెలుసు. కాబట్టి ఒక పంట పోయినంత మాత్రాన ఏడాది పోదు. ప్రతి దానికీ ఒక పని ఉంది, ఆ పని ఏమిటో వేసిన మనిషికి తెలుసు. టిక్కీలో పడే ప్రతి సరుకు గురించీ మనకు ఇంత తెలిస్తే చాలు.

నాలుగు కారణాలు: నీళ్లు, పట్టు, విరామం, మంట

మొదటిది నీళ్లు. కూరగాయలో నీరుంది, ఉడికిన గింజలో నీరుంది, ఉడికిన పప్పులో నీరుంది. ఈ మూడూ కలిస్తే ముద్ద జారుగా అవుతుంది. పెంక మీద ఆ నీరు ఆవిరై బయటకు వచ్చే తోవలో టిక్కీని పగలగొడుతుంది. పైగా నీరున్నంతసేపు పైపొర వేడి నూరు డిగ్రీలు దాటదు, గింజ ఎర్రగా వేగాలంటే అంతకంటే ఎక్కువ వేడి కావాలి. అందుకే తడి టిక్కీ వేగకుండా ఉడుకుతుంది, పెంకకు అంటుకుంటుంది. ఆలుగడ్డను తొక్కతోనే ఉడకబెట్టాలి. తొక్క తీసి, కోసి ఉడకబెడితే నీళ్లు తాగుతుంది. ఉల్లిగడ్డ, ఆకుకూర, తురిమిన క్యారెట్ పచ్చిగా వేయొద్దు, తడి ఆరేదాకా పెంక మీద వేయించి వేయాలి.

రెండోది పట్టు. గోధుమ పిండికి సాగే గుణమిచ్చే జిగురు జొన్నలో, కొర్రలో, సజ్జలో, తైదల్లో లేదు. చల్లని నీళ్లతో కలిపిన జొన్న పిండి రొట్టె తట్టబోతే అంచులు పగిలేది ఇందుకే. ఈ ప్రాంతంలో రొట్టెలు చేసే ప్రతి ఆడమనిషికీ దీని విరుగుడు తెలుసు: పిండిలో మరిగే ఎసరు పోసి కలుపుతుంది. వేడికి పిండిలోని గంజి పదార్థం ఉబ్బి అంటుకునే గుణం తెచ్చుకుంటుంది. టిక్కీకి కూడా అదే ఉపాయం పనిచేస్తుంది. గుడ్డు అక్కర్లేదు, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు.

పట్టు ఇచ్చే రెండో సరుకు పప్పు. ఈ సంగతి హైదరాబాద్ నుంచి బీదర్ దాకా షామీ కబాబ్ చేసే ఇళ్లన్నిటికీ తెలుసు. మాంసంతో పాటు శనగపప్పు ఉడికించి నూరితేనే కబాబ్ చేతిలో నిలుస్తుంది. మాంసం తీసేసి ఆ చోట గింజ పెట్టండి, మన టిక్కీ తయారైనట్టే. అంటే కోహీర్‌లో ఒక వీధిలో రొట్టె చేసే చేతికి సగం విద్య వచ్చు, పక్క వీధిలో కబాబ్ చేసే చేతికి మిగతా సగం వచ్చు.

మూడోది విరామం. ఉడికిన గంజి పదార్థం వేడిగా ఉన్నప్పుడు మెత్తగా జారుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. రాత్రి గిన్నెలో మిగిలిన జొన్న గటక పొద్దున కత్తితో కోయగలిగేంత గట్టిగా అవడం చూసే ఉంటారు. వత్తిన టిక్కీలను అరగంట ఫ్రిజ్‌లో పెట్టమనేది ఇందుకే. ఫ్రిజ్ లేకపోతే టిక్కీలు వత్తకముందే గటకను పూర్తిగా చల్లారనివ్వండి. వేడి ముద్దతో వత్తిన టిక్కీ విరిగితే తప్పు మీ చేతిది కాదు, తొందరది.

నాలుగోది మంట. పెద్ద మంట మీద పైన మాడి లోపల చల్లగా ఉంటుంది. చిన్న మంట మీద పైపొర కట్టకముందే టిక్కీ నూనె తాగుతుంది. మధ్య మంట, బాగా కాగిన పెంక, ఒక చెంచా నూనె ఉండాలి. వేశాక నాలుగైదు నిమిషాలు ముట్టుకోవద్దు. పొర కట్టిన టిక్కీ తనంతట తానే పెంకను వదులుతుంది. అట్లకాడ పెట్టి చూస్తే ఇంకా పట్టుకుని ఉందంటే అది సిద్ధం కాలేదని చెబుతోంది.

రూపాయి లెక్క

కొలత గుర్తుండటానికి పాత రూపాయి లెక్క పెట్టుకోండి. ఉడికిన బరువులో ఎనిమిదణాలు గింజ, నాలుగణాలు పప్పు, నాలుగణాలు ఆలుగడ్డ, కూరగాయలు. గింజ ఒళ్లు ఇస్తుంది, పప్పు పట్టు ఇస్తుంది, ఆలుగడ్డ మెత్తదనమిస్తుంది. పెద్ద హోటళ్ల ఆలూ టిక్కీ బర్గర్‌లో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఆలుగడ్డే. మన టిక్కీని గింజల టిక్కీ చేసేది ఈ ఎనిమిదణాలే.

ఎనిమిది టిక్కీలకు కావలసినవి ఇవి: జొన్న రవ్వ 120 గ్రాములు, కందిపప్పు 90 గ్రాములు, ఆలుగడ్డలు 120 గ్రాములు, ఉల్లిగడ్డ ఒకటి, పుంటికూర ఒక గుప్పెడు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు రెండు చెంచాలు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఒక చెంచా, సన్నగా తరిగిన పచ్చిమిర్చి మూడు, జీలకర్ర, ధనియాల పొడి, పసుపు, కొత్తిమీర, ఉప్పు. పట్టు కోసం జొన్న పిండి రెండు పెద్ద చెంచాలు, పైన అద్దడానికి సన్న జొన్న రవ్వ కొంచెం. కందిపప్పు విషయంలో మనం అదృష్టవంతులం. పొరుగునున్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

చేసే వరస

1. కందిపప్పు గంటసేపు నానబెట్టండి. మునిగేటన్ని నీళ్లే పోసి, వేళ్ల మధ్య నొక్కితే నలిగేదాకా ఉడికించండి. చారుకు ఉడికించినట్టు కరిగిపోకూడదు. మిగిలిన నీళ్లు వంచేసి, పళ్లెంలో ఆరబోయండి. వంచిన కట్టు చారులోకి పనికొస్తుంది.

2. జొన్న రవ్వను నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. 300 మిల్లీలీటర్ల నీళ్లు ఎసరు పెట్టి, మరిగాక రవ్వ పోసి కలిపి, మూత పెట్టి చిన్న మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచండి. గట్టి గటక కావాలి, గరిట నిలబెడితే నిలవాలి. దీన్ని కూడా పళ్లెంలో పరిచి చల్లారనివ్వండి.

3. ఆలుగడ్డలు తొక్కతో ఉడికించి, వేడి మీదే తొక్క తీసి, ఆవిరి పోయాక చిదమండి. మిక్సీలో వేయొద్దు, బంకలా సాగుతుంది.

4. ఒక చెంచా నూనెలో జీలకర్ర, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లం ఎల్లిగడ్డ వేయించి, చివర పుంటికూర వేసి తడి పూర్తిగా ఆరేదాకా వేయించండి. పుంటికూర పులుపు ఉంది కాబట్టి నిమ్మకాయ అక్కర్లేదు.

5. జొన్న పిండిలో మూడు చెంచాల మరిగే నీళ్లు పోసి చెంచాతో కలిపితే బంక ముద్ద అవుతుంది. చేయి పట్టే వేడికి వచ్చాక ఈ ముద్ద, గటక, పప్పు, ఆలుగడ్డ, వేపుడు, పల్లీలు, ధనియాల పొడి, పసుపు, కొత్తిమీర, ఉప్పు అన్నీ ఒక తాంబాళంలో వేసి కలపండి. పప్పులో సగం నలగాలి, సగం గింజగా మిగలాలి. అంతా ముద్దయితే నోటికి ఏమీ తగలదు.

6. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇప్పుడు చేయాలి. నిమ్మకాయంత ముద్ద తీసి, చిన్న బిళ్లగా వత్తి, పెంక మీద వేసి చూడండి. ఉప్పు సరిపోయిందా, నిలిచిందా, అంటుకుందా? ఎనిమిదీ వేశాక తెలుసుకోవడం కంటే ఒక్క చిన్నదానితో తెలుసుకోవడం చవక. ఏ పనైనా పెద్దగా మొదలుపెట్టేముందు ఇంత చిన్నగా పరీక్షించి చూడటం అలవాటైతే జీవితంలో సగం నష్టాలు తప్పుతాయి.

7. అరచేతులకు తడి రాసుకుని, ఒక్కో టిక్కీ నూరు గ్రాముల లెక్కన వత్తండి. మందం అరంగుళం దాటొద్దు. మాంసపు టిక్కీ వేగితే ముడుచుకుంటుంది, గింజల టిక్కీ ముడుచుకోదు, కాబట్టి బన్ను ఎంతుంటే అంతే వెడల్పు చేయండి. అంచుల్లో పగుళ్లుంటే వేలితో నొక్కి పూడ్చండి. పెంక మీద పెరిగేది ఆ పగులే. సన్న రవ్వ అద్ది అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

8. ఇనుప పెంక మీద, మధ్య మంట మీద, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కాల్చండి. ఒక్కసారే తిప్పండి.

విరిగితే ఇలా చూడండి

విరిగిన టిక్కీని పారేయకండి, దాన్ని చదవండి. మధ్యలో మెత్తగా జారి విరిగితే నీళ్లెక్కువ. వేయించిన జొన్న పిండి ఒక్కో చెంచా కలిపి, ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగండి. పిండి నీళ్లు తాగడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఆగకుండా వేస్తూపోతే ముద్ద రాయిలా అవుతుంది. పొడిపొడిగా రాలితే పట్టు తక్కువ. ఇంకో చిన్న ఆలుగడ్డ చిదిమి వేయండి, లేదా ఎసరుతో ఇంకొంచెం పిండి ముద్ద చేసి కలపండి. పైన ఎర్రగా ఉండి లోపల పచ్చివాసన వస్తే మంటెక్కువ, లేదా టిక్కీ మందమెక్కువ. తిప్పేటప్పుడు సగం పెంకకే మిగిలిపోతే తొందరపడ్డారు.

టిక్కీ మామూలు కంటే నల్లగా మారి, తియ్యగా అనిపిస్తే అది ఆలుగడ్డ పని. కోల్డ్ స్టోరేజీలో చాలాకాలం ఉన్న గడ్డలో గంజి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది, అది పెంక మీద త్వరగా మాడుతుంది. అలాంటి గడ్డల్ని వారం పది రోజులు మామూలు గదిలో గాలి తగిలేలా ఉంచి వాడితే ఆ గుణం తగ్గుతుంది. చలికాలం చివర మన దగ్గర తవ్విన కొత్త గడ్డకు ఈ బాధ లేదు. కాకపోతే దానిలో నీరెక్కువ, అందుకని ఉడికాక ఆవిరి ఎక్కువసేపు పోనివ్వాలి.

చూశారా, ప్రతి తప్పుకూ ఒక గుర్తుంది, ప్రతి గుర్తుకూ ఒక కారణముంది. "నా చేయి మంచిది కాదు" అన్నది ఈ జాబితాలో ఎక్కడా లేదు.

గింజ మారితే

కారణాలు తెలిశాయి కాబట్టి ఇప్పుడు గింజ మార్చే ధైర్యం వస్తుంది. కొర్రలు జొన్న రవ్వ కంటే మెత్తగా ఉడుకుతాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒకటికి రెండు కొలతల నీళ్లు చాలు, బంక ముద్ద కొంచెం తగ్గించినా నడుస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు కొర్రలే సులువు. సామలు చిన్న గింజ, పొడిపొడిగా వస్తాయి, కాబట్టి పప్పు కాస్త ఎక్కువ వేయాలి. నిండు జొన్నలు వాడాలంటే రాత్రంతా నానబెట్టి కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, సగం నూరి సగం గింజగా ఉంచండి. నమిలేవాళ్లకు అదే రుచి.

సజ్జలు చలికాలానికి బాగుంటాయి. సజ్జలో కొవ్వు మిగతా గింజల కంటే ఎక్కువ, అందుకే గిర్నీ పట్టించిన పిండి కొద్దిరోజులకే చేదెక్కుతుంది. అప్పటికప్పుడు పట్టించి వాడండి. తైద పిండి ఒంటరిగా వేస్తే టిక్కీ బంకగా, నల్లగా వస్తుంది, గింజ వాటాలో పావువంతు దాటకుండా వేయండి. కందిపప్పు బదులు బొబ్బర్లు, అనుములు, శనగపప్పు ఏదైనా సరే. పుంటికూర లేని రోజు పాలకూర, మెంతికూర, పొలంలో దొరికే తుమ్మికూర ఏదైనా తడి ఆరేలా వేయించి వేసుకోవచ్చు. పల్లీల బదులు గడ్డినువ్వులు వేయించి దంచి వేస్తే వాసన మారిపోతుంది.

రూపాయి లెక్క మాత్రం మార్చకండి. ఏ గింజైనా ఎనిమిదణాలు.

బన్ను, పచ్చడి, పక్కన పెట్టేది

పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ జాతీయ రహదారి కోహీర్ మండలంలోని దిగ్వాల్ మీదుగా పోతుంది. 1960ల్లో ముంబై దాదర్ స్టేషన్ దగ్గర పుట్టిందని చెప్పే వడాపావ్ ఈ దారి ఊళ్లకు కొత్త కాదు. రొట్టె మధ్యలో ఆలుగడ్డ పెట్టుకుని తినడం మనకు ఎప్పుడో అలవాటైంది. బేకరీ బన్నులే తెచ్చుకోండి, తప్పేం లేదు. ఇంట్లో చేసుకునే ఓపిక ఉంటే మూడు పాళ్ల గోధుమ పిండికో మైదాకో ఒక పాలు తైద పిండి కలపండి. అంతకు మించితే బన్ను పొంగదు. పొంగించే జిగురు గోధుమలో ఉంది, తైదలో లేదు. మూడో దారి అసలు బన్నే లేకుండా అరచేయంత మందపాటి జొన్న రొట్టెలు రెండు చేసి, మధ్యలో టిక్కీ పెట్టడం. వేడిగా తినాలి, చల్లారితే గట్టిపడుతుంది.

సాస్ సీసా బదులు పుంటికూర పచ్చడి, లేదా పల్లీల పచ్చడిలో కాస్త పెరుగు కలిపి రాయండి. బన్ను చప్పగా ఉంటుంది కాబట్టి పచ్చడిలో కారం, పులుపు తగలాలి. ఉల్లిగడ్డ చక్రాలు, టమాట, కీరా పెట్టండి. ఆలుగడ్డ ఎలాగూ లోపల ఉంది, పక్కన మళ్లీ అదే ఎందుకు? ఉప్పు, కారం చల్లిన కోహీర్ జామకాయ ముక్కలు పెట్టండి. ఏ హోటలూ ఇవ్వలేని జత అది.

పనిని వారానికి పంచుకోండి

"ఇంత పని రోజూ ఎవరు చేస్తారు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. రోజూ చేయక్కర్లేదు. ఒక ఆదివారం పదహారు టిక్కీలు చేసి, ఒక్కో వైపు రెండేసి నిమిషాలు మాత్రం కాల్చి, చల్లార్చి, మధ్యన కాగితం పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా ఉంటాయి. తినే రోజు నేరుగా పెంక మీద చిన్న మంటతో కాల్చుకోవచ్చు. మామూలు ఫ్రిజ్‌లో అయితే రెండు రోజుల్లో తినేయండి. ఉడికిన గింజను మాత్రం బయట గంటల తరబడి ఉంచకండి. వండిన వేడికి చావని సూక్ష్మజీవులు కొన్ని గోరువెచ్చని అన్నంలో, గటకలో పెరిగి వాంతులు, విరేచనాలు తెస్తాయి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి.

హాస్టల్లో ఉండే పిల్లలకు పొడి మిశ్రమం కట్టివ్వండి. 1982లో లండన్‌లో గ్రెగరీ సామ్స్ అనే అతను వెజ్‌బర్గర్ పేరుతో అమ్మకానికి పెట్టింది ఇలాంటిదే, నీళ్లు కలిపి చేసుకునే పొడి. మన పొడికి జొన్న రవ్వ 400 గ్రాములు వేయించండి, కందిపప్పు 300 గ్రాములు వేయించి గిర్నీలో రవ్వ పట్టించండి, ధనియాల పొడి, జీలకర్ర, కారం, ఉప్పు, ఎండబెట్టిన కరివేపాకు కలపండి. తడి తగలని డబ్బాలో నెల నిలుస్తుంది. ఒక గ్లాసు పొడికి రెండున్నర గ్లాసుల మరిగే నీళ్లు పోసి పదిహేను నిమిషాలు ఉడికించి, చల్లారాక ఒక ఉడికిన ఆలుగడ్డ చిదిమి కలిపితే టిక్కీకి సిద్ధం.

ఆరోగ్యం గురించి ఉన్నంత మాట

చిరుధాన్యాలను మందులా అమ్మే మాటలు ఇప్పుడు చాలా వినిపిస్తున్నాయి. మనం ఉన్నంతే చెప్పుకుందాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం నూరు గ్రాముల జొన్నలో మాంసకృత్తులు దాదాపు 10 గ్రాములు, పీచు కూడా దాదాపు అంతే. తైదల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. గింజల మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ, పప్పుల్లో అది దండిగా ఉంటుంది. కాబట్టి గింజ, పప్పు కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పట్టు కోసం వేసిన పప్పు చేసే రెండో పని ఇది.

అంతమాత్రాన ఎన్నైనా తినొచ్చని కాదు. షుగరున్నవాళ్లకు జొన్న కూడా పిండి పదార్థమే, ఒక టిక్కీ, సగం బన్ను, ఎక్కువ కూరగాయలు అన్న లెక్కలో తినాలి. గోధుమ పడనివాళ్లు బేకరీ బన్ను ముట్టొద్దు, జొన్న రొట్టెతోనే తినాలి. టిక్కీని ముంచి వేయిస్తే ఇంత శ్రమకు అర్థం ఉండదు, పెంక మీద కాల్చడమే మేలు.

ఈ వారం మీ సాధన

ఒక నోటుపుస్తకం వంటింట్లో పెట్టుకోండి. మొదటిరోజు కొర్రలతో నాలుగు టిక్కీలు చేయండి, సగం కొలతతో. పక్కన నాలుగు గళ్లు గీసి నీళ్లు, పట్టు, విరామం, మంట అని రాయండి. ఏది సరిపోయింది, ఏది తప్పింది అన్నది ఒక్కో ముక్కలో రాసుకోండి. "బాగా రాలేదు" అని రాయొద్దు, అది సమాచారం కాదు. "ఆకుకూర తడి ఆరలేదు" అని రాయండి, అది సమాచారం.

రెండోసారి నాలుగు గళ్లలో ఒక్కటే మార్చండి. మంట, పిండి, గింజ మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మూడోసారి గింజ మార్చండి. నాలుగోసారి మీరు పక్కన నిలబడి పిల్లల చేత చేయించండి, టిక్కీ విరిగినా చేయి పెట్టకండి. "ఎందుకు విరిగింది?" అని మాత్రం అడగండి, జవాబు వాళ్లనే చెప్పనివ్వండి.

తర్వాత ఆ నాలుగు గళ్ల పద్ధతినే వంటింటి బయటి పని ఒకదానికి వాడండి. పిల్లవాడి లెక్కల పరీక్ష, మీ దుకాణం లెక్కలు, ఆగిపోయిన కుట్టుపని ఏదైనా కావచ్చు. ఆ పని చెడటానికి ఉన్న కారణాలు మూడో నాలుగో రాయండి, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. వచ్చే అధ్యాయం ఆ పేజీతో మొదలవుతుంది, దాన్ని నింపి తీసుకురండి.